థండర్‌బర్డ్స్ కాలపు బొమ్మల ధారావాహికలు, వాటి వాహనాలు, నమూనాల తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండులోని స్లౌ పట్టణంలో 1960లలో తీసిన బొమ్మల ధారావాహికల గురించి, ముఖ్యంగా వాటిలోని వాహనాల గురించి, నన్ను అడిగే సందేహాలు ఏళ్ల తరబడి దాదాపు అవే. ఒకరికి ఇచ్చిన సమాధానాన్నే మరొకరికి మళ్లీ రాయవలసి వస్తోంది కనుక అన్నిటినీ ఒకచోట చేర్చాను. చూడబోయేవారి ప్రశ్నలతో మొదలై ఇంట్లో నమూనా చేయబోయేవారి ప్రశ్నలతో ముగుస్తాయి. ఏ సమాధానానికి అదే పూర్తిగా ఉండేటట్టు రాశాను కాబట్టి కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## చూడడం మొదలుపెట్టే ముందు

ఇవి కార్టూన్లా, బొమ్మలాటా? "సూపర్‌మారియోనేషన్" అంటే ఏమిటి?

ఇవి కార్టూన్లు కావు, ఫిల్ము మీద తీసిన బొమ్మలాట. తీగలతో ఆడించే బొమ్మను సూచించే "మారియొనెట్" అనే మాటను, "యానిమేషన్"ను కలిపి, ముందు "సూపర్" తగిలించి నిర్మాతలు కట్టుకున్న పేరది. మన కొయ్యబొమ్మలాటలో సూత్రధారి పైనుంచి దారాలు పట్టినట్టే ఇక్కడా ఆడించేవారు పైన మంచె మీద నిలబడి సన్నని టంగ్‌స్టన్ తీగలు పట్టేవారు. తేడా నోటి దగ్గర ఉంది. సంభాషణలను ముందే టేపు మీద రికార్డు చేసి, ఆ టేపు నుంచి వచ్చే విద్యుత్ స్పందనలను తీగల గుండానే బొమ్మ తలలో ఉండే, విద్యుత్తు అందగానే కదిలే చిన్న పరికరమైన సోలెనాయిడ్‌కు పంపేవారు. మాటకు తగినట్టు కింది పెదవి దానంతట అది కదిలేది. బొమ్మలు మనిషి ఎత్తులో దాదాపు మూడో వంతు ఉండేవి.

వీటిని ఎవరు తీశారు? ఏ వరసలో చూడాలి?

జెరీ ఆండర్సన్, ఆర్థర్ ప్రొవిస్ 1957లో స్థాపించిన ఏపీ ఫిల్మ్స్ అనే చిన్న సంస్థ వీటిని తీసింది. పాత్రల రూపకల్పనలో, గొంతులు సమకూర్చడంలో సిల్వియా ఆండర్సన్ పాత్ర పెద్దది. థండర్‌బర్డ్స్‌లోని లేడీ పెనెలొపీ అనే పాత్ర గొంతు ఆమెదే. వాహనాల పరంగా ముఖ్యమైనవి సూపర్‌కార్ (1961), ఫైర్‌బాల్ ఎక్స్ఎల్5 (1962), స్టింగ్‌రే (1964), థండర్‌బర్డ్స్ (1965), కెప్టెన్ స్కార్లెట్ అండ్ ది మిస్టెరాన్స్ (1967), జో 90 (1968). మొదటి రెండూ నలుపు తెలుపు, స్టింగ్‌రే నుంచి రంగులు. వరసగా చూస్తే నమూనాల పనితనం ఏటేటా ఎలా ఎదిగిందో తెలుస్తుంది కానీ, ఒక్కటే చూసే తీరిక ఉన్నవారు, ఆపదలో ఉన్నవారిని అద్భుత వాహనాలతో కాపాడే దళం కథ అయిన థండర్‌బర్డ్స్ మొదటి భాగంతో మొదలుపెట్టాలని నా సలహా.

థండర్‌బర్డ్స్ కొన్నిచోట్ల సాగదీసినట్టు ఉంటుంది. ఎందుకు?

నిజంగానే సాగదీశారు. మొదట దీన్ని పాతిక నిమిషాల భాగాలుగానే తీశారు. పెట్టుబడి పెట్టిన లూ గ్రేడ్ మొదటి భాగం చూసి ముచ్చటపడి, ప్రతి భాగాన్నీ రెట్టింపు నిడివికి పెంచమన్నారు. అప్పటికే తీసిన భాగాలకు కొత్త సన్నివేశాలు అతికించవలసి వచ్చింది, ఆ అతుకులు అక్కడక్కడ కనిపిస్తాయి. అయితే నమూనాల మీద మనసున్నవారికి ఇది కలిసివచ్చిన విషయమే. వాహనం గుహలోంచి తాపీగా బయటికి వచ్చి, ఆగి, తల పైకెత్తి, అప్పుడు గాని లేవకపోవడం ఆ అదనపు సమయం పెట్టిన భిక్ష.

కథ జరిగేది 2026లోనా, 2065లోనా?

2065లో. చివరి భాగంలో ఒక క్యాలెండర్ మీద 2026 అని కనిపించడం వల్ల ఈ వివాదం పుట్టింది. నిర్మాతలు అనుకున్న కాలం మాత్రం ప్రసారమైన నాటికి సరిగ్గా నూరేళ్ల తరవాతిది.

## తెర మీది వాహనాలు

మనుషుల కంటే వాహనాలకే అంత ప్రాధాన్యం ఎందుకు?

బొమ్మలు నడవలేవు కనుక. తీగలకు వేలాడే బొమ్మ పాదం నేల మీద బరువుగా ఆనదు; ఎంత నేర్పరి ఆడించినా నడక తేలిపోతుంది, చూసేవారికి నవ్వు వస్తుంది. ఈ లోపాన్ని దాచడానికే జెరీ ఆండర్సన్ నాయకుణ్ణి ఒక అద్భుత వాహనంలో కూర్చోబెట్టారు. సూపర్‌కార్ పుట్టుకకు కారణం అదే. ఆ తరవాత ఈ కిటుకు ఒక శైలిగా మారింది. స్టింగ్‌రేలో కమాండర్ షోర్ తేలే కుర్చీలో తిరుగుతాడు. థండర్‌బర్డ్స్‌లో దళ సభ్యుడు వర్జిల్ గోడ మీది రాకెట్ చిత్రానికి వీపు ఆనించగానే ఆ పలక వెనక్కి ఒరుగుతుంది, అతను తలకిందులుగా జారుడుబల్ల మీద జారి తిన్నగా చోదకుని ఆసనంలోకి చేరుతాడు. స్కాట్ నిలుచున్న గోడ గిర్రున తిరుగుతుంది. ఆలన్ కూర్చున్న సోఫా నేలలోకి దిగిపోతుంది. ఒక్కరూ నాలుగు అడుగులు వేయరు. పిల్లలు అబ్బురపడే ఈ ఏర్పాట్లన్నీ ఒక అసమర్థతను కప్పిపుచ్చడానికి పుట్టాయని తెలిశాక నాకు వాటి మీద గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు.

అయిదు థండర్‌బర్డ్‌లలో ఏది ఏ పని చేస్తుంది?

ఒకటోది వెండి రంగు రాకెట్ విమానం. ప్రమాద స్థలానికి ముందుగా చేరి పరిస్థితిని అంచనా వేస్తుంది. రెండోది ఆకుపచ్చని భారీ సరుకు విమానం. పొట్టలో అమరే పెద్ద పెట్టెల్లో అవసరమైన యంత్రాలను మోసుకొస్తుంది. మూడోది అంతరిక్షానికి వెళ్లే ఎర్ర రాకెట్, నాలుగోది పసుపు రంగు చిన్న జలాంతర్గామి, అయిదోది ప్రపంచంలోని ఆపద సందేశాలను వినే అంతరిక్ష కేంద్రం. నడిపే అయిదుగురు అన్నదమ్ముల పేర్లు స్కాట్, వర్జిల్, ఆలన్, గోర్డన్, జాన్ అమెరికా తొలి వ్యోమగాములవి.

ఇలాంటి రక్షణ దళం ఆలోచన ఎలా వచ్చింది? ఆ పేరు ఎక్కడిది?

పశ్చిమ జర్మనీలోని లెంగెడె ఇనుప గనిలోకి 1963 అక్టోబరులో నీరు విరుచుకుపడి కార్మికులు భూగర్భంలో చిక్కుకుపోయారు. తవ్వడానికి అవసరమైన భారీ యంత్రాన్ని దూరం నుంచి తరలించవలసి వచ్చింది. చివరి 11 మంది 14 రోజుల తరవాత, నవంబరు 7న ప్రాణాలతో బయటపడ్డారు. 29 మంది చనిపోయారు. అలాంటి యంత్రాలను సిద్ధంగా ఉంచుకుని గంటల్లో ఎక్కడికైనా తీసుకుపోగల దళం ఉంటే ఎంత బాగుండునన్న తలపే కథకు మూలం. రెండో థండర్‌బర్డ్ పొట్టలో సరుకు పెట్టెలు ఉండడానికీ, భూమిలోకి తొలుచుకుపోయే "మోల్" యంత్రానికీ కారణం ఈ ఘటనలోనే కనిపిస్తుంది. పేరు మాత్రం ఇంటిలోనిది. జెరీ ఆండర్సన్ అన్న లయొనెల్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వైమానిక శిక్షణ కోసం అమెరికా వెళ్లి, అరిజోనాలోని థండర్‌బర్డ్ ఫీల్డ్ గురించి ఉత్తరంలో రాశారు. ఆ అన్న యుద్ధంలో చనిపోయారు.

థండర్‌బర్డ్ 2 రెక్కలు ముందుకు వంగి ఉంటాయేం? అలాంటిది నిజంగా ఎగురుతుందా?

మిగిలిన విమానాలన్నిటికీ రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి కనుక దీనికి భిన్నంగా ఉండాలన్నదే రూపకర్త ఉద్దేశం. దాని వెనక గొప్ప శాస్త్రమేదీ లేదు. అయితే ముందుకు వంగిన రెక్కలు అసాధ్యమేమీ కావు. జర్మనీ విమానం జంకర్స్ 287 1944లో, అమెరికా ప్రయోగ విమానం ఎక్స్-29 1984లో అలాంటి రెక్కలతోనే ఎగిరాయి. థండర్‌బర్డ్ 2 విషయంలో అసలు చిక్కు రెక్కల దిశ కాదు, వాటి పొట్టితనం. అంత లావు శరీరాన్ని అంత చిన్న రెక్కలు మోయలేవు.

ఫ్యాబ్ 1 నిజమైన రోల్స్ రాయిసేనా? "ఎఫ్ఏబీ" అంటే ఏమిటి?

లేడీ పెనెలొపీ తిరిగే ఆరు చక్రాల గులాబీ రంగు ఫ్యాబ్ 1 ఊహలోని కారు, కానీ రోల్స్ రాయిస్ పేరును కంపెనీ అనుమతితోనే వాడుకున్నారు. బొమ్మలు కూర్చోవడానికి చేసిన ఏడు అడుగుల నమూనాకు అసలైన రేడియేటర్ గ్రిల్‌ను కంపెనీయే ఇచ్చింది. దళంవారు "సరే" అనడానికి పలికే "ఎఫ్ఏబీ"కి పూర్తి రూపం లేదు. "ఫ్యాబ్యులస్"ను కుదించిన అప్పటి కుర్రకారు మాటను ఒక్కొక్క అక్షరంగా పలికించారు, అంతే.

కెప్టెన్ స్కార్లెట్‌లో బొమ్మల తలలు చిన్నవయ్యాయి. ఏం మారింది?

సోలెనాయిడ్ తలలోంచి ఛాతీలోకి మారింది. అంతకుముందు ఆ పరికరం పట్టడానికే తల పెద్దదిగా చేయవలసి వచ్చేది. కొత్త బొమ్మలు మనుషుల కొలతలకు దగ్గరగా వచ్చాయి, కాకపోతే ముఖాల్లో మునుపటి చిలిపితనం పోయింది. నాకు పాత పెద్ద తలలే ఇష్టం.

## స్లౌలో నమూనాలు తయారైన తీరు

నమూనాల వెనక ఎవరున్నారు?

తొలినాటి వాహనాలు ఎక్కువగా రెజ్ హిల్ గీసినవి. థండర్‌బర్డ్స్ నాటికి ప్రత్యేక దృశ్యాల విభాగం డెరెక్ మెడింగ్స్ చేతిలో ఉంది, ప్రధాన వాహనాల రూపం ఆయనదే. ఆయన చిత్రకారుడిగా, తెర వెనక దృశ్యాలు గీసేవాడిగా మొదలై ఈ రంగానికి వచ్చారు. తరవాత మైక్ ట్రిమ్ చేరి ఒక్కో కథలో వచ్చిపోయే అతిథి వాహనాలను ఎన్నిటినో రూపొందించారు. మెడింగ్స్ ఆపైన జేమ్స్ బాండ్ చిత్రాలకు పనిచేశారు, 1978 నాటి సూపర్‌మ్యాన్ చిత్రానికి ఆస్కార్ పురస్కారాన్ని పంచుకున్నారు, 1995లో మరణించారు. ఆయన దగ్గర పనిచేసిన బ్రయన్ జాన్సన్ కూడా తరవాత హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్నారు.

వేటితో చేసేవారు?

చాలా తేలికైన బాల్సా కలప, ఫైబర్‌గ్లాస్, ప్లాస్టిక్, ఆపైన చేతికి అందిన ప్రతిదీ. వారం వారం కొత్త వాహనం కావలసిన చోట ప్రతి గొట్టాన్నీ, ప్రతి మూతనూ చెక్కుతూ కూర్చుంటే పని జరగదు. అందుకని దుకాణంలో దొరికే ప్లాస్టిక్ విమానాల, ట్యాంకుల, రైళ్ల కిట్లు కొనితెచ్చి, వాటి చక్రాలను, ఇంజను భాగాలను విడదీసి నమూనాల మీద అతికించేవారు. ఏది ఏ కిట్టు నుంచి వచ్చిందో తెలియకపోయినా, అది ఏదో పని చేసే భాగమే అన్న నమ్మకం చూసేవారికి కలుగుతుంది. థండర్‌బర్డ్ 1 నిలిచి ఉండే గది గోడ మీద నిమ్మరసం పిండే ప్లాస్టిక్ పరికరం ఒకటి బిగించి ఉంటుంది; అభిమానులు దాన్ని ఇప్పటికీ వెతికి పట్టుకుంటారు. ఒక్కో ముఖ్య వాహనానికి వేర్వేరు పరిమాణాల్లో నమూనాలు ఉండేవి: దూరం నుంచి ఎగిరేటప్పుడు చిన్నది, దగ్గరి దృశ్యానికి పెద్దది.

అంత అధునాతన వాహనాలు మాసిపోయి ఎందుకు కనిపిస్తాయి?

మెడింగ్స్ బృందం చేసిన తెలివైన పని ఇదేనని నా అభిప్రాయం. కొత్తగా రంగు వేసిన నమూనా, దాని మీద దీపం పడగానే, బొమ్మలాగే మెరుస్తుంది. నిజమైన విమానాన్ని దగ్గరగా చూడండి: రేకుల అతుకుల వెంట సన్నని నల్లటి గీతలు, మూతల చుట్టూ నూనె మరకలు, వాన నీరు కారిన చారలు, పొగ గొట్టాల వెనక మసి. వాళ్లు పెన్సిల్ గీతలతో రేకుల అతుకులు గీసి, రంగు పొడులతో, నూనెతో వాహనాన్ని మాపేవారు. ఆ మాపుకు కొలత ఉంది. పెద్ద విమానం మీద మరక విమానంతో పోలిస్తే చిన్నదిగా ఉంటుంది. నమూనా మీద అదే మరక వేలిముద్ర అంత ఉంటే మోసం తేలిపోతుంది. అప్పటి టీవీలో భవిష్యత్తు అంటే నిగనిగలాడే వెండి రంగే అయినప్పుడు, పనిచేసి అలిసిన భవిష్యత్తును చూపాలనుకోవడం చిన్న సాహసం కాదు.

## కెమెరా ముందు

రెండు అడుగుల నమూనా అంత బరువుగా ఎలా కదులుతుంది?

కాలాన్ని సాగదీయడం వల్ల. పడే వస్తువు వేగం దాని పరిమాణంతో మారదు. 24 మీటర్ల ఎత్తు నుంచి నిజమైన గోడ కూలితే నేలను తాకడానికి 2.2 సెకన్లు పడుతుంది. 24వ వంతు నమూనాలో ఆ ఎత్తు ఒక మీటరే, పడడానికి పట్టేది 0.45 సెకను. కళ్లు ఆ తొందరను చూసి ఇది చిన్న వస్తువని వెంటనే పసిగడతాయి. ఈ రెండు కాలాల నిష్పత్తి దాదాపు 4.9, అంటే 24కు వర్గమూలం. కాబట్టి సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేములు తీసి మామూలు వేగంతో చూపితే, చిన్న గోడ పెద్ద గోడలా కూలుతుంది. మెడింగ్స్ బృందం సెకనుకు 120 ఫ్రేముల దాకా తీయడం వెనక ఉన్న లెక్క ఇదే.

దీనికి మూల్యం వెలుగు రూపంలో చెల్లించాలి. వేగం అయిదు రెట్లయితే ఒక్కో ఫ్రేముకు అందే కాంతి అయిదో వంతుకు తగ్గుతుంది. పైగా దగ్గరి నుంచి తీసిన నమూనా మొదలు నుంచి చివరి దాకా స్పష్టంగా ఉండాలంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి, మరింత కాంతి పోతుంది. అందుకని అంత చిన్న సెట్ మీద కళ్లు చెదిరే దీపాలు వెలిగించవలసి వచ్చేది.

విమానం నేల మీద అంత దూరం పరిగెత్తుతుంది. స్టూడియో అంత పొడవుండేదా?

లేదు. విమానం దాదాపు ఉన్నచోటనే ఉంటుంది, నేలే పరిగెత్తుతుంది. పిండిమర బెల్టులా రోలర్ల మీద తిరిగే గుడ్డ పట్టీలను రన్‌వేగా, దాని పక్క గడ్డి నేలగా, దూరపు దృశ్యంగా విడివిడిగా అమర్చి, కెమెరాకు దగ్గరిది వేగంగా, దూరానిది నెమ్మదిగా తిప్పేవారు. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి స్తంభాలు సర్రున పోయి దూరపు కొండలు నింపాదిగా కదిలినట్టు కనిపించేది ఇదే సూత్రం వల్ల. వెనక ఆకాశం కూడా తిరిగే గుడ్డే. మొదటి భాగంలో, చక్రాల దగ్గర బాంబు ఉన్న ఫైర్‌ఫ్లాష్ విమానం కింద పరిగెత్తే వాహనాల మీద దిగే సన్నివేశం తీస్తున్నప్పుడు ఒక వాహనాన్ని లాగే తీగ తెగి అది అదుపు తప్పింది. ఆ దృశ్యాన్ని పారేయకుండా కథలోనే కలిపేశారు. ఇప్పుడు చూస్తే ఆ ప్రమాదం లేకుండా సన్నివేశాన్ని ఊహించలేము.

స్టింగ్‌రే నిజంగా నీటిలోనే ఉంటుందా?

సముద్రగర్భ దృశ్యాల్లో జలాంతర్గామి పొడి గాలిలోనే తీగలకు వేలాడుతుంది. కెమెరాకూ సెట్‌కూ మధ్య సన్నని గాజు తొట్టి నిండా నీరు పోసి, చిన్న చేపలను, గాలి బుడగలను వదిలేవారు. చేపలు కెమెరాకు దగ్గరగా ఉండడంతో పెద్దవిగా కనిపిస్తాయి. సముద్రం ఉపరితలం మాత్రం నిజమైన నీటి తొట్టిలోనే తీయాలి, అక్కడే మోసం బయటపడుతుంది: నీటి బిందువును నమూనాకు తగినట్టు కుదించలేము. ఎంత నెమ్మదిగా చూపినా బఠానీ గింజంత చుక్క బఠానీ గింజంత చుక్కే.

మన దగ్గర ఇలాంటి నమూనాల పని జరిగిందా?

జరిగింది, అదీ ఏపీ ఫిల్మ్స్ పుట్టిన 1957లోనే. మాయాబజార్‌లో కనిపించే ద్వారకా నగరం మద్రాసు వాహినీ స్టూడియోలో 50×60 అడుగుల స్థలంలో, విడివిడిగా విద్యుద్దీపాలు అమర్చిన సుమారు 300 చిన్న ఇళ్లతో కట్టినది. ఇక్కడ నగరం కదలదు కనుక కాలాన్ని సాగదీసే అవసరం రాలేదు. వెలుగుతోనే పని నడిచింది.

## ఇంట్లో మీరే చేయాలనుకుంటే

కిట్లు ఎవరివి తీసుకోవాలి?

జపాన్‌లో థండర్‌బర్డ్స్ 1966లో అక్కడి ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో ప్రసారమై విపరీతంగా నచ్చింది, అందుకే ప్లాస్టిక్ కిట్లు అక్కడివే ఎక్కువ. ఇమాయ్ సంస్థ చేసిన పాత అచ్చులతో ఆఓషిమా సంస్థ కిట్లను మళ్లీ విడుదల చేసింది. మొదటిసారి చేసేవారికి థండర్‌బర్డ్ 2 కంటే 4 మేలు. చిన్నది, ఒకే రంగు, తప్పు చేసినా దిద్దుకోవచ్చు.

బాల్సా దొరకడం లేదు. వేరే ఏ కలప పనికొస్తుంది?

నేను కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి వాడాను. అది బాల్సా కంటే కొంచెం బరువు, కానీ మెత్తగా, తేలికగా చెక్కడానికి వస్తుంది. కొండపల్లి కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో భాగాలను అతికి, సందులు పూడుస్తారు. వాహనం ముక్కు, రెక్క మొదలు లాంటి వంపులు పోయడానికి అది బాగా పనికివచ్చింది. కలప పూర్తిగా ఎండాలి. నేను తొందరపడి పచ్చిగా ఉన్న ముక్కతోనే థండర్‌బర్డ్ 2 చెక్కాను. వానాకాలం వెళ్లేసరికి ఎడమ రెక్క పైకి లేచి, విమానం ఎవరికో సలాం చేస్తున్నట్టు తయారైంది. రంగుకు ముందు ఉప్పు కాగితంతో రుద్ది ప్రైమర్ వేయడం కనీసం మూడు సార్లు జరగాలి, లేకపోతే కలప ఈనెలు రంగులోంచి కనిపిస్తాయి.

థండర్‌బర్డ్ 2కు సరైన ఆకుపచ్చ ఏది?

తెర మీద ఒక్కొక్క దృశ్యంలో ఒక్కొక్క ఆకుపచ్చ కనిపిస్తుంది. దీపాలు, ఫిల్ము ప్రింటు, నమూనా మారినప్పుడల్లా రంగు మారింది. డింకీ కంపెనీ అమ్మిన ఆటబొమ్మ మొదట ఆకుపచ్చగా వచ్చి తరవాత మెరిసే నీలంలోకి మారింది కూడా. మీకు నచ్చిన దృశ్యాన్ని ఎంచుకుని దానికి కట్టుబడండి. నిగనిగలాడే రంగు మాత్రం వద్దు.

మాపడం ఎక్కడ ఆపాలి?

మీరు అనుకున్న దానికి సగంలో. గట్టి పెన్సిల్‌తో అతుకుల గీతలు గీసి, మెత్తటి పెన్సిల్ ముల్లును పొడి చేసి, పొడి కుంచెతో గాలి వీచే దిశలో, అంటే ముక్కు నుంచి తోక వైపు, తేలికగా లాగాలి. నా తొలి నమూనా చూసి మా ఇంట్లో, బొగ్గుల కొట్లో దొరికిందా అని అడిగారు.

ఫోన్‌తో తీస్తే అలా వస్తుందా?

చాలా వరకు వస్తుంది. ఇప్పటి ఫోన్లలో ఎన్నో సెకనుకు 120 లేదా 240 ఫ్రేములు తీస్తాయి. 24వ వంతు నమూనాకు 120 సరిపోతుంది. 72వ వంతుకు లెక్క ప్రకారం సుమారు 204 రావాలి కనుక 240 పెట్టండి. నమూనా పక్కన బొమ్మ మనిషి నిలబడితే అతని కన్ను ఎక్కడ ఉంటుందో లెన్సు అంత కిందికి దింపండి. పైనుంచి తీస్తే బల్ల మీది బొమ్మే కనిపిస్తుంది. దుమ్ముకు జల్లించిన ముల్తానీ మట్టి చాలు. స్లౌలో వాహనాల అడుగున జెటెక్స్ అనే చిన్న రాకెట్ మోటార్లు బిగించి దుమ్ము లేపేవారు కానీ, ఇంట్లో నిప్పుతో పని వద్దు, సైకిల్ పంపుకు సన్నని గొట్టం తగిలించి ఊదితే సరిపోతుంది. వెలుగుకు మధ్యాహ్నపు డాబాయే ఉత్తమం. గదిలో తీయవలసి వస్తే ట్యూబులైటు ఆర్పేయండి: మన కరెంటుతో అది సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది, కంటికి ఆనకపోయినా 240 ఫ్రేములలో మీ విమానం గుహలోంచి వస్తున్నంతసేపూ ఆకాశం రెపరెపలాడుతూ కనిపిస్తుంది.